స్విఫ్ట్ స్టాక్ (కారుతో వచ్చిన) స్పీకర్లు మార్చాలి, స్టీరియో మార్చను: ఏవి తీసుకోవాలి?

గోదారి_డ్రైవర్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నా కారు 2019 స్విఫ్ట్, మధ్య వేరియంట్. నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, ట్వీటర్లు (పై స్వరాల చిన్న స్పీకర్లు) లేవు. వారంటీ అయిపోయింది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. విశాఖ హైవే ఎక్కి 90 దాటితే టైర్ల మోతలో గాయకుడి గొంతు మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా నా వైపు డోరు గరగరలాడుతుంది. స్టీరియో మాత్రం మార్చను. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ దానికే ఉన్నాయి, చక్కగా పనిచేస్తున్నాయి.

ఒక షాపతను వెనక పార్సిల్ ట్రేలో (డిక్కీ మీద కప్పే అట్ట) 350 వాట్ల 6×9 అంగుళాల స్పీకర్ల జత పెట్టమన్నాడు, "ముందువి ఎలాగూ వినపడవు సార్" అంటూ. ఇంకో షాపులో కాంపోనెంట్ సెట్ (ట్వీటర్ విడిగా వచ్చే రకం) ఒక్కటే మార్గమన్నారు, ఫిట్టింగ్‌తో కలిపి పదకొండు వేలు. నా బడ్జెట్ పన్నెండు. ఎవరి మాట వినాలి?

బెజవాడ_బాస్ (విజయవాడ)

ఎవరి మాటా వినకు తమ్ముడూ. ఆ పన్నెండుకి ఇంకో ఎనిమిది కలిపి 4 ఛానెల్ ఆంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్) వేయించు. ఆంప్ లేకుండా స్పీకర్లు మార్చడం దండగ.

కోటి_సర్క్యూట్ (హైదరాబాద్)

బాస్ అన్నా, అతను బడ్జెట్ చెప్పాక దాన్ని ఇరవై చేయడం సలహా ఎలా అవుతుంది?

గోదారి గారూ, ముందు డబ్బా మీద రాసిన 350 వాట్లని పక్కన పెట్టండి. స్పీకర్ పవర్ ఇవ్వదు, తీసుకుంటుంది. ఆ 350 అది కాసేపు తట్టుకునే గరిష్ఠం మాత్రమే. పవర్ ఇచ్చేది మీ స్టీరియో. అది ఎంత ఇవ్వగలదో కాగితం మీద లెక్క కట్టొచ్చు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు సప్లై సుమారు 14.4 వోల్టులు. స్టీరియోలోని ఆంప్ చిప్ స్పీకర్‌కి వెళ్లే రెండు తీగల్నీ ఒకదానికొకటి ఎదురుగా నడిపిస్తుంది. అందుకే అటూ ఇటూ 14.4 దాకా ఊగగలదు, అంతకు మించి ఊగడానికి వోల్టేజీ ఎక్కడా లేదు. ఆ శిఖరాన్ని 1.414తో భాగిస్తే ఆర్‌ఎంఎస్ (పవర్ లెక్కకి వాడే ఒక రకం సగటు) 10 వోల్టుల చిల్లర. దాని వర్గాన్ని స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే 26 వాట్లు. చిప్‌లో పోయే నష్టాలు తీసేస్తే గొంతు పగలకుండా వచ్చేది ఛానెల్‌కి 15 నుంచి 20 వాట్లు.

మరి మార్కెట్లో స్టీరియోల మీద 50×4 అని ఎందుకు రాస్తారంటే, 14.4 వర్గం 207. నాలుగుతో భాగిస్తే 52. అంటే సిగ్నల్ అలలు పూర్తిగా కత్తిరించుకుపోయి చదరంగా తయారైనప్పటి అంకె అది. ఆ స్థితిలో వినేది పాట కాదు, రంపపు మిల్లు.

కాబట్టి స్పెక్ షీట్‌లో మీరు వెతకాల్సింది వాట్లు కాదు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్‌లలో (డీబీ) చెప్పే అంకె. ఒక స్పీకర్ 86 డీబీ, ఇంకోటి 92 డీబీ అనుకోండి. తేడా 6 డీబీ. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు కావాలి కాబట్టి రెండోది 15 వాట్లకి ఎంత మోగుతుందో మొదటిది అంత మోగాలంటే 60 వాట్లు కావాలి. మీ స్టీరియో దగ్గర ఆ 60 లేవు. ఖరీదైన కాంపోనెంట్ సెట్లలో చాలావరకు ఆంప్ ఉంటుందనుకుని చేసినవి. బరువైన కోన్ (కదిలి మోగే గరాటు), బిగుతైన సస్పెన్షన్ (దాన్ని పట్టి ఉంచే అంచు). వాటిని స్టాక్ స్టీరియోకి తగిలిస్తే పాత కంపెనీ స్పీకర్ల కంటే తక్కువ మోగుతాయి. "పదివేలు పెడితే సౌండ్ తగ్గింది" అని ఏడ్చే పోస్టులు ఇక్కడే వెతికితే దొరుకుతాయి.

గోదారి_డ్రైవర్

లెక్క అర్థమైంది, థ్యాంక్స్. నేను చూసిన రెండు మోడళ్లలో ఒకదానికి 91 అని, పక్కనే 2.83 వోల్టులు అని ఉంది. ఇంకోదానికి 90, పక్కన 1 వాట్ అని ఉంది. మొదటిదే ఎక్కువ మోగుతుందా?

కోటి_సర్క్యూట్

మంచి ప్రశ్న. అక్కడే ఒక మెలిక ఉంది. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి సరిగ్గా 1 వాట్. ఇంట్లో పెట్టే స్పీకర్ల లెక్క అది. కారు స్పీకర్ 4 ఓమ్‌లు కాబట్టి అదే వోల్టేజీకి 2 వాట్లు లాగుతుంది. అంకె 3 డీబీ పెరిగి కనిపిస్తుంది. మీ 91ని 1 వాట్ లెక్కలోకి మారిస్తే 88. కాబట్టి రెండోదే మేలు. 2 ఓమ్‌ల స్పీకర్‌కైతే ఇదే తేడా 6 డీబీ.

2 ఓమ్‌లవి స్టాక్ స్టీరియోకి నేరుగా పెట్టకండి. ఎక్కువ మోగుతాయి, నిజమే. కానీ ఆ చిప్ 4 ఓమ్‌లకే చేసినదైతే వేడెక్కి ఆగిపోతుంది. మన ఎండల్లో అసలే డాష్‌బోర్డ్ నిప్పుల మీద ఉంటుంది.

డోర్‌ప్యాడ్_శీను (ఆటోనగర్, విజయవాడ)

నేను ఈ పనే చేస్తాను కాబట్టి ఫిట్టింగ్ సంగతి చెప్తా. స్పీకర్ ఏదైనా సరే, డోరు సరి చేయకుండా మారిస్తే సగం డబ్బు నీళ్లలో పోసినట్టే.

కోన్ ముందుకి వచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. రెండూ కలిస్తే బేస్ ఒకదాన్నొకటి తినేస్తాయి. కలవకుండా మధ్యలో అడ్డం ఉండాలి. మన కార్లలో ఆ అడ్డం డోరు లోపలి రేకు. ఆ రేకుకి చేయి దూరేంత పెద్ద కంతలు ఉంటాయి, వాటి మీద ఒక పలచటి ప్లాస్టిక్ కాగితం అంతే. అందుకే కొత్త స్పీకర్ చేతిలో గట్టిగా అనిపిస్తుంది, డోర్లో పెడితే తేలిపోతుంది.

నేను చేసేది ఇది. బయటి రేకు లోపలి వైపు, స్పీకర్ వెనక భాగాన బ్యుటైల్ షీట్ (వణుకు ఆపే జిగురు రబ్బరు) అతికిస్తా. మొత్తం కప్పనక్కర్లేదు, సగం కప్పినా రేకు టంగుమనడం ఆగి టక్కుమంటుంది. ఆ తర్వాత లోపలి రేకు కంతలు మూస్తా. పెద్ద కంతకి పలచటి అల్యూమినియం రేకు వేసి దాని మీద షీట్, లేకపోతే ఎండకి జారి కుంగిపోతుంది. స్పీకర్ కింద స్పేసర్ రింగు, రింగుకీ రేకుకీ మధ్య ఫోమ్. స్పీకర్ ముందు అంచుకీ డోర్ ప్యాడ్ జాలీకీ మధ్య కూడా ఫోమ్ చుట్టాలి, లేకపోతే సౌండ్ కారులోకి రాకుండా ప్యాడ్ వెనక తిరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. చౌకగా వస్తుందని తారు షీట్ వేయించుకోవద్దు, మే నెలలో కారు నిండా తారు వాసన, కొన్నాళ్లకి ఊడి అడుగున పడుతుంది. రెండోది, డోరు అడుగున నీళ్లు పోయే కంతలు ఉంటాయి. వాటిని పొరపాటున కూడా మూయకూడదు. వానాకాలం అద్దం వెంట దిగిన నీళ్లన్నీ అక్కడినుంచే పోవాలి. మూస్తే డోరు తొట్టి అవుతుంది, తర్వాత తుప్పు.

ముందు రెండు డోర్లకి మా దగ్గర మెటీరియల్, కూలీ కలిపి మూడు వేల నుంచి నాలుగు వేలు అవుతుంది. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ. వెనక డోర్లకి ప్రస్తుతానికి వద్దు.

గరగర అన్నారు కదా, స్పీకర్ చిరిగిందో డోరు వణుకుతోందో ముందు తేల్చుకోండి. పాట పెట్టి ప్యాడ్‌ని అరచేత్తో గట్టిగా నొక్కండి. ఆగితే డోరు, ఆగకపోతే స్పీకర్.

వీణ_విశాఖ

శీను గారి పోస్ట్ పిన్ చేయాలి.

కోయాక్సియలా కాంపోనెంటా అన్నదానిపై నా మాట. నేను ఎక్కువగా వినేది కర్ణాటక కచేరీలు. వీణ మీటు, వయొలిన్ కమాను గీత, మృదంగం కుడి మూత చాపు ఇవన్నీ ట్వీటర్ పని. కోయాక్సియల్‌లో ట్వీటర్ ఊఫర్ (కింది స్వరాల పెద్ద స్పీకర్) మధ్యలోనే ఉంటుంది కాబట్టి మోకాలి దగ్గర మోగుతుంది. పై స్వరాలు దిక్కు చూసుకుని వెళ్తాయి, కాళ్లకీ సీటు గుడ్డకీ తగిలి సగం చచ్చిపోతాయి. కాంపోనెంట్‌లో ట్వీటర్ విడిగా అద్దం మూల దగ్గర పెడితే గాయకుడు డాష్‌బోర్డ్ మీద కూర్చున్నట్టు ఉంటుంది. నా కారులో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నేను కాంపోనెంట్ వైపే.

కోటి_సర్క్యూట్

మీ కారులో ఆంప్ ఉందా వీణ గారూ?

వీణ_విశాఖ

ఉంది. అయితే? ట్వీటర్ ఎత్తులో ఉండటానికీ ఆంప్‌కీ సంబంధం లేదు కదా.

కోటి_సర్క్యూట్

ఎత్తుకి లేదు, ఒప్పుకుంటాను. గోదారి గారి కారులో ట్వీటర్ తీగలే లేవు. కాంపోనెంట్ పెడితే క్రాస్‌ఓవర్ (స్వరాల్ని ట్వీటర్‌కీ ఊఫర్‌కీ పంచే ఫిల్టర్) ఎక్కడ పెట్టాలి, ట్వీటర్‌కి తీగ ఎటు లాగాలి అన్నది కూలీలో కలుస్తుంది. క్రాస్‌ఓవర్ డబ్బాని డోర్లో పెడితే తడి. బయట పెడితే డోరుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి కొత్త తీగ దూర్చాలి, అది గంటల పని. పన్నెండు వేలల్లో కాంపోనెంట్, ఈ పని, డోర్ డ్యాంపింగ్ (శీను గారు చెప్పిన షీట్ల పని) మూడూ ఇమడవు. ఒకటి వదలాలంటే నేను కాంపోనెంటే వదులుతా.

డోర్‌ప్యాడ్_శీను

మధ్యే మార్గం ఉంది. కొన్ని సెట్లలో పెద్ద డబ్బా ఉండదు, ట్వీటర్ తీగలోనే చిన్న కెపాసిటర్ ఉంటుంది, ఊఫర్ నేరుగా నడుస్తుంది. ట్వీటర్‌ని డోరు మీదే, అద్దం మూల త్రికోణం ప్లాస్టిక్‌లో పెడితే గొట్టంలోంచి ఏమీ లాగక్కర్లేదు. స్పీకర్ కప్లర్ (తీగల ప్లగ్గు) దగ్గరే తీగ చీల్చి పైకి తీసుకోవచ్చు. పని తేలిక. అలాంటివి ఆరు వేల లోపు దొరుకుతాయి. సెన్సిటివిటీ చూసి తీసుకోండి, కోటి గారు చెప్పినట్టు.

వీణ_విశాఖ

ఇది నాకు నచ్చింది. కోటి గారూ, ఇప్పుడేమంటారు?

కోటి_సర్క్యూట్

ఊఫర్‌కి ఫిల్టర్ లేకపోతే మధ్య స్వరాల్లో రెండూ కలిసి మోగి కొంచెం గొంతు మొరటుగా రావచ్చు. అయినా ఆ ధరకి సమంజసమే. సరే, ఒప్పుకున్నా.

ఫ్రిస్కో_తెలుగోడు (టెక్సస్)

ఇక్కడ మా క్యామ్రీకి ముందు డోర్లలో 6×9లు, అవి రివెట్లతో బిగించి వస్తాయి. డ్రిల్‌తో రివెట్ తల కొట్టేస్తేగానీ రావు. అమెరికాలో ఒక సుఖం, కారు మోడల్ చెప్తే సరిపోయే రింగు, కప్లర్ అడాప్టర్ స్పీకర్‌తో పాటు పంపించే అమ్మకందారులున్నారు. తీగ కోసే పనే ఉండదు. ఇండియాలో కూడా మారుతి, హ్యుందాయ్ కార్లకి ఆ కప్లర్లు విడిగా దొరుకుతాయని విన్నాను, వంద రెండొందల వస్తువు. అడిగి తీసుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్లు తిరిగి తగిలించొచ్చు.

ఇంకో సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొన్ని కార్లలో డోరు లోపల గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉంటుంది. డోరు గుద్దుకుంటే లోపలి గాలి నొక్కుకోవడం చూసి ఎయిర్‌బ్యాగ్ తెరవాలా అని తేలుస్తుంది. అలాంటి కారులో కొత్త కంతలు కోయడం, స్పీకర్ చుట్టూ సందు వదిలేయడం ప్రమాదం. స్పీకర్ ఊడదీసి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. మీ 2019 స్విఫ్ట్‌కి ముందు ఎయిర్‌బ్యాగ్‌లే కాబట్టి ఆ గొడవ లేదు, ఈ థ్రెడ్ చదివే కొత్త కార్ల వాళ్ల కోసం చెప్తున్నా.

నెల్లూరు_పెద్దారెడ్డి

నాది బోస్ సిస్టమ్ వచ్చే సెల్టాస్. ముందు స్పీకర్లు రెండు మారిస్తే ఇంకా బాగుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోటి_సర్క్యూట్

వద్దండి. కంపెనీ ఆంప్‌తో వచ్చే బ్రాండెడ్ సిస్టమ్‌లలో స్పీకర్లు తరచు 2 ఓమ్‌లవి, మామూలు 4 ఓమ్‌లవి పెడితే మోత తగ్గుతుంది. పైగా ఆ ఆంప్‌లో ఈక్వలైజర్ ఆ స్పీకర్ల లోపాలు చూసి కట్టింది. ఎక్కడ గొంతు తగ్గుతుందో అక్కడ పెంచుతుంది. స్పీకర్ మారితే లోపం పోతుంది, పెంచడం మాత్రం మిగులుతుంది. చిరిగితే అదే స్పీకర్ కంపెనీ స్పేర్ తెప్పించుకోండి.

నిడదవోలు_నాని

గోదారి అన్నా, ఫిట్టింగ్ దగ్గర నిలబడి చూడు. మా మామయ్య కారుకి మా ఊరి దగ్గర ఒక షాపులో కప్లర్ కోసేసి తీగలు మెలిపెట్టి టేపు చుట్టారు. అదీ ఒక వైపు ప్లస్ మైనస్ తారుమారు. గొంతు మధ్యలో లేకుండా రెండు చెవుల్లోంచి పీకినట్టు ఉంది, బేస్ మాయం. "కొత్త స్పీకర్లు సార్, నాలుగు రోజులు పాడితే సర్దుకుంటాయి" అన్నాడు. మళ్లీ డోరు విప్పి తీగలు తిప్పితే అప్పుడు సర్దుకున్నాయి.

దీనికి మెషీన్లు అక్కర్లేదు. స్పీకర్ తీగల చివర 1.5 వోల్ట్ పెన్ సెల్ ఒక్క క్షణం తాకించు. కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తాకిన తీగే ప్లస్. బిగించాక అయితే బ్యాలెన్స్ మధ్యలో పెట్టి పాత మోనో పాట ఒకటి పెట్టు. గొంతు డాష్‌బోర్డ్ మధ్యలోంచి రావాలి.

బెజవాడ_బాస్

నేను ఇంకా ఆంప్ దగ్గరే ఉన్నా 😀 ఇప్పుడు కాకపోతే ఆర్నెల్లకి వేస్తాడు చూడండి. అప్పుడైనా ఒక మాట గుర్తుపెట్టుకో తమ్ముడూ: బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ తీగకి బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపు ఫ్యూజు ఉండాలి. ఆంప్ దగ్గర ఫ్యూజు ఆంప్‌ని కాపాడుతుంది, తీగ బాడీకి రాసుకుని షార్ట్ అయితే కారుని కాపాడేది బ్యాటరీ దగ్గర ఫ్యూజే. తీగ కూడా పూర్తి రాగిది అడుగు. అల్యూమినియం మీద రాగి పూతవి సగం ధరకి అమ్ముతారు.

మోడరేటర్

ఇద్దరు సభ్యులు ఫిట్టర్ల ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాం. ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి.

గోదారి_డ్రైవర్

అరచేతి పరీక్ష చేశాను. కుడి డోర్ గరగర నొక్కగానే సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. అంటే డోరూ స్పీకరూ రెండూ అన్నమాట.

నిర్ణయం: ముందు డోర్లకి శీను గారు చెప్పిన రకం 6.5 అంగుళాల సెట్. సోనీ, పయనీర్, జేబీఎల్ మూడింటిలో ఆ రకంవి అడుగుతా, 1 వాట్ లెక్కలో 90 దగ్గర ఉన్నది తీసుకుంటా. వెనక కంపెనీవే ఉంటాయి. మిగిలింది డోర్ షీట్లకి. 6×9 ఆలోచన మానేశా. పార్సిల్ ట్రే అట్ట వణుకుతుందని, పైగా వెనకనుంచి పాట వినడం నాకెందుకని అనిపించింది.

ఒక డౌట్. స్టీరియోలో హై పాస్ (బేస్ తగ్గించే ఫిల్టర్) సెట్టింగ్ లేదు, బేస్, ట్రెబుల్ మాత్రమే. వెనక పాత స్పీకర్లు బేస్‌కి పగులుతున్నాయి. వాటికేమైనా చేయొచ్చా?

కోటి_సర్క్యూట్

చేయొచ్చు, చాలా చవగ్గా. ప్రతి వెనక స్పీకర్ ప్లస్ తీగలో ఒక నాన్‌పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) కెపాసిటర్ వరసలో పెట్టండి. 4 ఓమ్‌లకి 470 మైక్రోఫారడ్ అంటే సుమారు 85 హెర్ట్జ్ కింద మెల్లగా తగ్గిస్తుంది. అంత విలువలో నాన్‌పోలార్ దొరకకపోతే మామూలు 1000 మైక్రోఫారడ్‌వి రెండు తీసుకుని మైనస్ కాళ్లు రెండూ కలిపి సోల్డర్ చేయండి, 500 అవుతుంది. 50 వోల్టులవి తీసుకుంటే బెంగలేదు. మా కోఠి గుజరాతీ గల్లీలో అయితే టీ ఖర్చు. రాజమండ్రిలో టీవీ రిపేరు షాపులో అడగండి.

ముందు వాటికి పెట్టకండి. ఉన్న బేస్ అంతా వాటిదే.

గోదారి_డ్రైవర్

పని అయిపోయింది. మొత్తం పదివేల తొమ్మిదొందలు. సెట్ ఐదువేల ఎనిమిది, షీట్లు, కూలీ నాలుగువేల ఆరు, రింగులు, కప్లర్లు, కెపాసిటర్లు కలిపి ఐదొందలు. తీగ ఒక్కటి కూడా కోయలేదు.

డోరు వేసినప్పుడు చప్పుడే మారిపోయింది, మా ఆవిడ అదే ముందు గమనించింది. తుని దాకా వెళ్లొచ్చాను. 100లో కూడా మాట స్పష్టం. వాల్యూమ్ ఇదివరకు 24 పెట్టేవాణ్ణి, ఇప్పుడు 18 చాలు. బేస్ మరీ గుండెలదిరేలా ఏమీ లేదు కానీ డప్పు డప్పులా ఉంది. వీణ గారూ, ట్రెబుల్ కాస్త గుచ్చుతోంది, రెండు గీతలు తగ్గించి వింటున్నా.

వీణ_విశాఖ

ట్వీటర్ మీ వైపు నేరుగా చూస్తోందేమో. ట్వీటర్ దాని గిన్నెలో తిరిగే రకమైతే ఎదురు సీటు వైపు కాకుండా రెండు సీట్ల మధ్య రూఫ్ లైటు వైపు తిప్పి చూడండి. అయినా గుచ్చితే ట్వీటర్ ప్లస్ తీగలో 2 ఓమ్‌ల 5 వాట్ రెసిస్టర్ ఒకటి. ట్రెబుల్ తగ్గిస్తే వెనక స్పీకర్లకి కూడా తగ్గిపోతుంది.

గోదారి_డ్రైవర్

తిప్పితే తగ్గింది, రెసిస్టర్ అక్కర్లేదు. ఒక చిన్న టిక్కు టిక్కు మాత్రం మిగిలింది, ఎడమ డోర్లో, బేస్ గిటార్ దగ్గర మాత్రమే. స్పీకర్ కాదు, పైన ఎక్కడో.

డోర్‌ప్యాడ్_శీను

లాక్ రాడ్ అయ్యుంటుంది. అద్దం సగం దించి మళ్లీ వినండి, సౌండ్ మారితే అద్దం పట్టాలు, మారకపోతే రాడ్. రాడ్‌కి గుడ్డ టేపు చుట్టి క్లిప్పు మార్చాలి. ప్యాడ్ విప్పినప్పుడు తెల్ల క్లిప్పులు ఒకటి రెండు విరుగుతాయి, కొత్తవి ముందే ఓ పది తెచ్చిపెట్టుకోండి.

ఆల్టో_అప్పారావు

ఇదంతా చదివాక ఆశ పుట్టింది. మా పాత ఆల్టోకి డాష్‌బోర్డ్‌లో 4 అంగుళాలవి ఉన్నాయి. వాటికి కూడా 90 డీబీవి దొరుకుతాయా, లేక డోర్లో కంత కోయాలా?

మోడరేటర్

అప్పారావు గారూ, కొత్త థ్రెడ్ తెరవండి. శీను గారు ఎలాగూ వస్తారు.